సెలవుల్లో పిల్లల భోజనం: ప్రభుత్వ సొమ్ముతో వడ్డించే అర్హత ఎవరికి?

అమెరికాలో బడులు నడిచే రోజుల్లో దాదాపు 3 కోట్ల మంది పిల్లలు మధ్యాహ్నం బడిలోనే తింటారు. వారిలో ఎక్కువమందికి ఆ భోజనం ఉచితంగానో, నామమాత్రపు ధరకో అందుతుంది. వేసవి సెలవులు ఇవ్వగానే అది ఆగిపోతుంది. ఇంట్లో సంపాదన అంతే ఉంటుంది, పిల్లలు తినాల్సిన పూటలు మాత్రం పెరుగుతాయి. ఈ రెండు, రెండున్నర నెలలు పిల్లలు పస్తులుండకుండా ఫెడరల్ ప్రభుత్వం సమ్మర్ ఫుడ్ సర్వీస్ ప్రోగ్రామ్ పేరుతో వేసవి భోజన పథకం నడుపుతోంది. 18 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు ఇది వర్తిస్తుంది. ఖర్చు ప్రభుత్వానిదే. వండించడం, వడ్డించడం, లెక్క చెప్పడం మాత్రం ‘స్పాన్సర్’ అనే స్థానిక సంస్థల పని. పాఠశాల జిల్లాలు, నగరపాలక సంస్థల పార్కుల విభాగాలు, వైఎంసీఏల వంటి సేవా సంస్థలు, ఫుడ్ బ్యాంకులు, చర్చిలు ఇలా స్పాన్సర్లుగా పనిచేస్తున్నాయి.

డబ్బు మూడు మెట్లు దిగి పిల్లల దగ్గరికి చేరుతుంది. పై మెట్టు మీద అమెరికా వ్యవసాయ శాఖ ఉంటుంది. నిబంధనలు రాసేదీ, నిధులు ఇచ్చేదీ ఆ శాఖే. రెండో మెట్టు రాష్ట్ర ప్రభుత్వం. చాలా రాష్ట్రాల్లో విద్యాశాఖ ఈ బాధ్యత చూస్తుంది, టెక్సస్‌లో అయితే రాష్ట్ర వ్యవసాయ శాఖ. దరఖాస్తులు పరిశీలించడం, తనిఖీలు చేయడం, క్లెయిములు చెల్లించడం రాష్ట్రం వంతు. మూడో మెట్టు స్పాన్సర్. ఒక్కో స్పాన్సర్ కింద ఒకటి నుంచి పదుల సంఖ్యలో భోజన కేంద్రాలుంటాయి. పార్కులోని షెడ్డు, గ్రంథాలయంలో ఒక గది, అపార్టుమెంట్ల మధ్య ఖాళీ స్థలం, చర్చి హాలు, ఏదైనా కేంద్రం కావచ్చు. ఆ కేంద్రాల్లో ఎక్కడ ఏ తప్పు జరిగినా ప్రభుత్వం పట్టుకునేది స్పాన్సర్‌నే. వంటను కాంట్రాక్టుకు ఇచ్చినా, వడ్డనను వాలంటీర్లకు అప్పగించినా ఆర్థిక, పాలనా బాధ్యత మాత్రం మరొకరికి బదిలీ కాదు. అర్హత నిబంధనలన్నీ ఈ ఒక్క సూత్రం చుట్టూ అల్లినవే.

దరఖాస్తు చేసుకునే హక్కు చట్టం కొన్ని రకాల సంస్థలకే ఇచ్చింది. పాఠశాలల భోజనాలు నడిపే ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని పాఠశాల యంత్రాంగాలు, నగర, కౌంటీ, రాష్ట్ర ప్రభుత్వాల విభాగాలు, ఆదివాసీ తెగల ప్రభుత్వాలు, లాభాపేక్ష లేని వేసవి శిబిరాలు, జాతీయ యువజన క్రీడా కార్యక్రమం నిర్వహించే కళాశాలలు, ఇవి కాక ఇతర ప్రైవేటు స్వచ్ఛంద సంస్థలు. లాభం కోసం నడిచే కంపెనీ ఈ పథకంలో స్పాన్సర్ కాలేదు. స్పాన్సర్ దగ్గర భోజనాల సరఫరాకు కాంట్రాక్టు మాత్రం తీసుకోవచ్చు.

స్వచ్ఛంద సంస్థ విషయంలో మొదట చూసేది పన్ను హోదా. ఆదాయపు పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద మినహాయింపు పొందిన సంస్థ అయి ఉండాలి. సంస్థ ఆస్తి, మిగులు ఏ వ్యక్తి జేబులోకీ పోకూడదన్నది ఆ సెక్షన్‌లోని కీలక షరతు. ప్రార్థనాలయాలకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. షరతులు పాటిస్తే చాలు, ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకోకపోయినా వాటికి మినహాయింపు వర్తిస్తుంది. తెలుగువాళ్లు అమెరికా నగరాల్లో కట్టుకున్న దేవాలయాలకూ ఇదే చట్టం వర్తిస్తుంది కాబట్టి, మిగతా అర్హతలు ఉంటే అవీ స్పాన్సర్‌గా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే వచ్చిన పిల్లవాడి మతం, జాతి, పుట్టిన దేశం చూడకూడదు. పూజలోనో ప్రార్థనలోనో కూర్చుంటేనే అన్నం పెడతామని షరతు విధించకూడదు.

పన్ను మినహాయింపు పత్రం ఉన్నంత మాత్రాన అర్హత వచ్చినట్టు కాదు. అది గడప దాటడానికి మాత్రమే పనికొస్తుంది. తర్వాత సంస్థ తన ఆర్థిక, పాలనా సామర్థ్యాన్ని నిరూపించుకోవాలి. ఒక నెలలో పెట్టిన భోజనాల డబ్బు క్లెయిమ్ వేశాకే తిరిగి వస్తుంది. అందువల్ల ఈలోగా సరుకులకు, జీతాలకు, రవాణాకు సొంత సొమ్ము ఉందా అని అధికారులు అడుగుతారు. పాత ఆడిట్ నివేదికలు, బడ్జెట్ చూస్తారు. ఒక కేంద్రం క్లెయిమును ప్రభుత్వం తిరస్కరిస్తే ఆ నష్టాన్ని భరించే శక్తి ఉందా అన్నదీ పరిశీలనకు వస్తుంది. సంస్థ మొత్తం ఆదాయం ఈ ఒక్క పథకం మీదే ఆధారపడి ఉంటే అనుమానించాల్సిందే. తోడు ఆదాయం లేని సంస్థ, తిరస్కరణకు గురైన క్లెయిమ్ డబ్బు తిరిగి ఎక్కడి నుంచి కడుతుంది?

పాలనా సామర్థ్యం అంటే ముందుగా మనుషులు. ప్రతి కేంద్రాన్నీ కళ్లతో చూసి రాగల సిబ్బంది ఉండాలి. పది కేంద్రాలు నడుపుతామని చెప్పి, పర్యవేక్షణకు ఒక్క మనిషిని, అదీ సాయంత్రం వేళల్లో వచ్చే ఉద్యోగిని చూపిస్తే దరఖాస్తు నిలవదు. పాలకమండలి ఎలాంటిదన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. డైరెక్టరు, ఆయన భార్య, బావమరిది కలిసి బోర్డుగా కూర్చుంటే డైరెక్టరు తప్పు చేసినప్పుడు నిలదీసేవాళ్లు ఉండరు. సంస్థతో డబ్బు సంబంధం లేని, స్థానికంగా నలుగురికీ తెలిసిన సభ్యులు ఎక్కువగా ఉన్న బోర్డును అధికారులు కోరుకుంటారు. వేసవి పథకం లాంటిదే మరో ఫెడరల్ పథకం పిల్లల, వయోజనుల సంరక్షణ కేంద్రాల ఆహార కార్యక్రమం, క్లుప్తంగా శిశు సంరక్షణ పథకం. అందులో ఈ పరీక్షను మూడు మాటల్లో చెబుతారు: ఆర్థిక నిలకడ, పాలనా సామర్థ్యం, జవాబుదారీతనం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా దరఖాస్తును తిరస్కరించాల్సిందే.

వేసవి పథకంలో ఇంకొక నిబంధన ఉంది. బయటివారికి ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చాలా ఆలోచించి పెట్టింది. స్పాన్సర్ కాదలచిన సంస్థ ఆ ప్రాంత ప్రజలకు ఏడాది పొడవునా ఏదో ఒక సేవ చేస్తూ ఉండాలి. అది ట్యూషన్లు కావచ్చు, ఆటల క్లబ్బు కావచ్చు, పేదలకు సరుకులు పంచడం కావచ్చు. శిబిరాలకు, వలస వ్యవసాయ కూలీల పిల్లలకు వడ్డించే సంస్థలకు సడలింపు ఇవ్వవచ్చు. ఈ నిబంధన వెనక చేదు అనుభవం ఉంది. ఏప్రిల్‌లో బోర్డు పెట్టి, ఆగస్టులో క్లెయిముల డబ్బు తీసుకుని, సెప్టెంబరుకల్లా అడ్రసు లేకుండా పోయే సంస్థను పట్టుకోవడం ఏ ఆడిటర్ తరమూ కాదు. ఏడాదంతా ఒకే వీధిలో పనిచేసే సంస్థను అక్కడి తల్లులు, టీచర్లు, దుకాణదారులు ఎరుగుతారు. దాని మంచీ చెడూ వారికి తెలుస్తాయి. అర్హత నిబంధనలన్నింటిలో ఇదే ఎక్కువ విలువైనదని చెప్పవచ్చు.

సంస్థకు అర్హత ఉన్నా, ఎంచుకున్న చోటుకు కూడా అర్హత ఉండాలి. అందరికీ తెరిచి ఉంచే కేంద్రమైతే, ఆ ప్రాంతంలోని పిల్లల్లో కనీసం సగం మంది బడిలో ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులై ఉండాలి. పేదరికపు గీతకు 130 శాతం లోపు ఆదాయమున్న కుటుంబంలోని పిల్లలకు ఉచితం, 185 శాతం లోపు ఉంటే తగ్గింపు ధర. 2024-25లో నలుగురున్న కుటుంబానికి ఆ పరిమితులు ఏడాదికి 40,560 డాలర్లు, 57,720 డాలర్లు. దగ్గరలోని బడి లెక్కలనో, జనగణన లెక్కలనో దీనికి ఆధారంగా చూపిస్తారు. చోటు అర్హత ఒకసారి ఖరారైతే, అక్కడికి వచ్చిన ఏ పిల్లవాడినీ ‘మీ నాన్న ఎంత సంపాదిస్తాడు’ అని అడగరు. ఇది చాలా మానవీయమైన ఏర్పాటు. చేతిలో కాగితం పట్టుకుని పేదరికం రుజువు చేసుకోనక్కరలేదు కాబట్టి, పిల్లలు మొహమాటం లేకుండా వచ్చి తింటారు. పేర్లు నమోదు చేసుకున్న పిల్లలకే పరిమితమైన కేంద్రాల్లో, శిబిరాల్లో మాత్రం కుటుంబ ఆదాయపు వివరాలు అవసరం పడవచ్చు.

ఒకే ప్రాంతానికి ఇద్దరు ముగ్గురు పోటీ పడితే వరుసలో ముందు నిలిచేవి పాఠశాలలు. తర్వాత, గతంలో పథకాన్ని బాగా నడిపి చూపించిన సంస్థలు. కొత్త స్వచ్ఛంద సంస్థ చివరన ఉంటుంది. ఏ స్పాన్సరూ మామూలుగా 200 కేంద్రాలు, రోజుకు సగటున 50,000 మంది పిల్లలు అనే పరిమితి దాటకూడదు. మొదటిసారి వచ్చే సంస్థను ఆమోదానికి ముందే రాష్ట్ర అధికారులు స్వయంగా వెళ్లి చూడాలి. పూర్తి దరఖాస్తు అందిన 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. కాదంటే అప్పీలు హక్కు ఉంటుంది.

ఈ నిబంధనలు ఒక్కసారిగా పుట్టినవి కావు. యాభై ఏళ్లకు పైబడిన ఈ చరిత్రలో స్వచ్ఛంద సంస్థలను పిలవడం, పొమ్మనడం, మళ్లీ పిలవడం కనిపిస్తుంది. 1946 నాటి జాతీయ పాఠశాల భోజన చట్టానికి 1968లో చేసిన సవరణతో బడి బయటి భోజనం ప్రయోగంగా మొదలైంది. 1975లో వేసవి పథకం, శిశు సంరక్షణ పథకం వేరుపడ్డాయి. అప్పట్లో పథకాన్ని త్వరగా విస్తరించాలన్న ఆత్రం ఎక్కువ, తనిఖీ తక్కువ. న్యూయార్క్‌లో దాని ఫలితం బయటపడింది. సరఫరా కాంట్రాక్టర్లు, కొందరు స్పాన్సర్లు కుమ్మక్కయ్యారు. పిల్లలు లేని చోటికి భోజనాలు పంపారు, మిగిలినవి పారబోశారు, పెద్దలు తిన్నవీ లెక్కలో రాశారు. 1977లో అమెరికా చట్టసభల ఆడిట్ సంస్థ ఈ అవకతవకల మీద నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే చట్టాన్ని బిగించారు. 1981లో బడ్జెట్ కోతల చట్టం ఇంకా ముందుకు వెళ్లి, ప్రైవేటు స్వచ్ఛంద సంస్థల్లో చాలావాటిని వేసవి పథకం నుంచి పూర్తిగా తప్పించింది.

ఆ నిర్ణయం దొంగలతో పాటు దొరలనూ వెళ్లగొట్టింది. పాఠశాల యంత్రాంగానికి వేసవిలో వంటగది తెరిచే ఆసక్తి లేని ఊళ్లు, పార్కుల విభాగమే లేని పల్లెలు దేశంలో చాలా ఉన్నాయి. అక్కడ పిల్లలకు వడ్డించే చేతులు చర్చిలవో, క్లబ్బులవో తప్ప వేరేవి కావు. ఆ చేతులు కట్టేస్తే పథకం కాగితం మీదే మిగిలింది. 1989లో అమెరికా కాంగ్రెస్ తలుపు కొద్దిగా తెరిచింది. స్వచ్ఛంద సంస్థ పట్టణ ప్రాంతంలో అయితే 5 కేంద్రాలు, గ్రామీణ ప్రాంతంలో అయితే 20 కేంద్రాలు మాత్రమే నడపవచ్చు. ఒక్కో కేంద్రంలో 300 మందికి మించకూడదు, ప్రత్యేక అనుమతితో 500. వాణిజ్య కాంట్రాక్టర్ దగ్గర భోజనం కొనకూడదు, సొంతంగా వండాలి లేదా బడి వంటి ప్రభుత్వ వంటశాల నుంచి తెచ్చుకోవాలి. న్యూయార్క్ కుంభకోణంలో కాంట్రాక్టర్ల పాత్ర గుర్తుంటే ఈ చివరి షరతు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది. 1998లో కేంద్రాల పరిమితి 25కు పెరిగింది, కాంట్రాక్టర్ మీద నిషేధం పోయింది. 2010లో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన ఆరోగ్యవంతమైన, ఆకలి లేని పిల్లల చట్టం స్వచ్ఛంద సంస్థలకే ప్రత్యేకంగా ఉన్న సంఖ్యా పరిమితులను తీసేసి, వాటిని ప్రభుత్వ స్పాన్సర్లతో సమానం చేసింది. తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి 29 ఏళ్లు పట్టింది.

ఆమోదం వచ్చాక అసలు పని కేంద్రంలో జరుగుతుంది. ఆ పని ఎంత సూక్ష్మంగా ఉంటుందో చూస్తే, సామర్థ్యం గురించి అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారో అర్థమవుతుంది. మధ్యాహ్న భోజనంలో నాలుగు భాగాలు ఉండి తీరాలి. ఒక కప్పు పాలు, రెండు లేదా అంతకంటే ఎక్కువ రకాల కూరగాయలు, పండ్లు కలిపి ముప్పావు కప్పు, ఒక బ్రెడ్ ముక్క లేదా అర కప్పు అన్నం, రెండు ఔన్సుల మాంసం లేదా దానికి బదులు మరొకటి. ఆ బదులు జాబితాలో గుడ్డు, జున్ను, పెరుగు, పప్పుదినుసులు ఉన్నాయి. అర కప్పు ఉడికించిన పప్పు రెండు ఔన్సుల మాంసంతో సమానం. అంటే అర కప్పు అన్నం, అర కప్పు ముద్దపప్పు, ఒక కూర, ఒక అరటిపండు, గ్లాసు పాలు కొలతకు సరిపడా పెడితే అది ఫెడరల్ ప్రభుత్వం డబ్బు చెల్లించే భోజనమే. ఒక మెలిక ఉంది. పప్పును మాంసానికి బదులుగా లెక్కిస్తే, అదే పప్పును కూరగాయ కింద మళ్లీ చూపించకూడదు. పాలు పెట్టడం మరిచిపోతే ఆ పళ్లేలన్నీ లెక్క నుంచి పోతాయి.

లెక్కపెట్టే పద్ధతీ నిక్కచ్చిగా ఉంటుంది. వాలంటీర్ చేతిలో 1 నుంచి వరుసగా అంకెలు అచ్చువేసిన కాగితం ఉంటుంది. పళ్లెం పిల్లవాడి చేతికి అందిన క్షణంలోనే ఒక అంకె కొట్టేయాలి. ‘ఈ రోజు ఎనభై పొట్లాలు వచ్చాయి, ఎనభై మంది తిన్నారు’ అని సాయంత్రం రాయడం చెల్లదు. రెండోసారి వడ్డించినవి వేరు గడిలో వేయాలి. మొత్తంలో 2 శాతానికి మించిన రెండో వడ్డనలకు డబ్బు రాదు. ఆమోదించిన వేళకు ముందో వెనకో పెట్టినవి, చిన్నపిల్లను తీసుకొచ్చిన తల్లికి పెట్టినవి క్లెయిమ్‌లో చేరవు. పిల్లలు అక్కడే కూర్చుని తినాలన్నది చాలాకాలం కఠిన నిబంధన. రోజుకు మామూలుగా రెండు పూటలే, అదీ మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం రెండూ కలిపి కుదరదు. శిబిరాలకు, వలస కూలీల పిల్లల కేంద్రాలకు మూడు పూటలు ఒప్పుకుంటారు. కొత్త కేంద్రాన్ని స్పాన్సర్ మొదటి రెండు వారాల్లో చూసి రావాలి. నాలుగు వారాల్లోపు ఒక పూట భోజనం మొదటి నుంచి చివరి వరకు నిలబడి పరిశీలించి నివేదిక రాయాలి.

ఇన్ని చేశాక ఒక మధ్యాహ్న భోజనానికి వచ్చే రీయింబర్స్‌మెంట్ సుమారు 5 డాలర్లు. సరుకులు, వంట మనిషి జీతం, వ్యాను పెట్రోలు, కాగితపు పని అన్నీ అందులోనే. నెల ముగిశాక 60 రోజుల్లో క్లెయిమ్ వేయాలి. ముందస్తు చెల్లింపు అడగవచ్చు గానీ, లెక్క తేడా వస్తే తిరిగి కట్టాలి. రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి. రోజుకు ముప్పై నలభై మంది పిల్లలు వచ్చే పల్లె కేంద్రానికి ఈ మొత్తం గిట్టుబాటు కాదు. అందుకే చిన్న చర్చి గానీ, చిన్న క్లబ్బు గానీ సొంతంగా స్పాన్సర్ కాకుండా, పెద్ద ఫుడ్ బ్యాంకు కింద ఒక కేంద్రంగా చేరడం మేలు. వడ్డించే పుణ్యం దక్కుతుంది, కాగితాల బరువు పెద్ద సంస్థ మోస్తుంది. పథకం వ్యాప్తి తక్కువగా ఉండటానికి నిబంధనల కంటే ఈ ఆర్థిక లెక్కే పెద్ద కారణం. దీన్ని సరిచేయకుండా అర్హత నియమాలను ఎంత సడలించినా మారుమూల పిల్లలకు అన్నం అందదు.

తెలుగు రాష్ట్రాల మధ్యాహ్న భోజనంతో పోలిస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ బియ్యం భారత ఆహార సంస్థ నుంచి ఉచితంగా వస్తుంది, ఎక్కువ బడుల్లో స్థానిక మహిళలే వండుతారు. హైదరాబాద్, విశాఖ, మంగళగిరి వంటి చోట్ల అక్షయపాత్ర లాంటి సంస్థలు పెద్ద వంటశాలల నుంచి సరఫరా చేస్తున్నాయి. ఆ సంస్థ 2000లో బెంగళూరులో 1,500 మంది పిల్లలతో మొదలైంది. ఇలాంటి సంస్థలకు పెట్టిన షరతులను 2006 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో చూడవచ్చు. సొసైటీగానో ట్రస్టుగానో నమోదై కనీసం రెండేళ్లు అయి ఉండాలి, లాభాపేక్ష కూడదు, కులమత వివక్ష చూపకూడదు, ఆడిట్ అయిన లెక్కలు ఇవ్వాలి, పనిని మరొకరికి సబ్ కాంట్రాక్టుకు ఇవ్వకూడదు. భావం ఒకటే. కాకపోతే అక్కడ స్వచ్ఛంద సంస్థ ముందు ఖర్చుపెట్టి తర్వాత డబ్బు రాబట్టుకుంటుంది. ఇక్కడ బియ్యం ముందే చేతికి వస్తుంది, వంట ఖర్చు వేరుగా వస్తుంది. ఇంకో తేడా, ఇక్కడ కేంద్రం అంటే బడి. పిల్లల హాజరు పట్టీ, హెడ్‌మాస్టరు కళ్లెదుటే ఉంటారు. అమెరికా వేసవి కేంద్రంలో హాజరు పట్టీ లేదు. కొట్టేసిన అంకెల కాగితమే సాక్ష్యం.

ఆ సాక్ష్యం ఎంత బలహీనమో మిన్నెసోటా రాష్ట్రంలో తేలింది. కరోనా కాలంలో, 2020 మార్చి తర్వాత, పిల్లలు గుమికూడకుండా వ్యవసాయ శాఖ చాలా నిబంధనలు సడలించింది. భోజనం ఇంటికి తీసుకెళ్లవచ్చు, పిల్లలు రాకపోయినా తల్లిదండ్రులకు ఇవ్వవచ్చు, లాభాపేక్షతో నడిచే రెస్టారెంట్లూ కేంద్రాలు కావచ్చు, తనిఖీకి మనిషి వెళ్లనక్కరలేదు. ఆ పరిస్థితిలో ఈ సడలింపులు న్యాయమే. లక్షల మంది పిల్లలు వీటి వల్లే తిన్నారు. కానీ ‘ఫీడింగ్ అవర్ ఫ్యూచర్’ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా ఆ రాష్ట్రంలో మరో పని జరిగింది. 2019లో సుమారు 34 లక్షల డాలర్లు పంపిణీ చేసిన ఆ సంస్థ, 2021లో దాదాపు 20 కోట్ల డాలర్లు పంపిణీ చేసింది. 250కి పైగా కేంద్రాలు తెరిచింది. ఏప్రిల్‌లో చేరిన ఒక రెస్టారెంటు, జూలైకల్లా రోజుకు 5,000 మంది పిల్లలకు వడ్డిస్తున్నామని రాసుకుంది. పిల్లల పేర్ల జాబితా కావాలంటే, యాదృచ్ఛికంగా పేర్లు పుట్టించే ఒక వెబ్‌సైట్ నుంచి తీసుకున్నారు. వయసుల గడిలో 7 నుంచి 17 వరకు ఏదో ఒక అంకె దానంతటదే పడేలా ఎక్సెల్ సూత్రం పెట్టారు. ఆ డబ్బు ఖరీదైన కార్లకు, ఇళ్లకు, విదేశాల్లో ఆస్తులకు పోయింది.

రాష్ట్ర విద్యాశాఖకు అనుమానం రాకపోలేదు. కొత్త కేంద్రాల దరఖాస్తులను ఆపింది. 2020 నవంబరులో సంస్థే ఎదురు కోర్టుకెక్కి, ఆలస్యం చేస్తున్నారని, వివక్ష చూపుతున్నారని వాదించింది. 2022 జనవరిలో ఎఫ్‌బీఐ సోదాలు జరిగాయి. సెప్టెంబరులో 47 మంది మీద అభియోగాలు ప్రకటించారు, తర్వాత ఆ సంఖ్య 70 దాటింది. మోసం విలువ 25 కోట్ల డాలర్లని అప్పట్లో చెప్పారు. సంస్థ వ్యవస్థాపకురాలు ఎయిమీ బాక్‌ను 2025 మార్చిలో ఫెడరల్ జ్యూరీ దోషిగా తేల్చింది. రాష్ట్ర శాసనసభ ఆడిటర్ 2024 జూన్‌లో ఇచ్చిన నివేదిక, విద్యాశాఖ పర్యవేక్షణ చాలలేదని, మోసానికి అవకాశమిచ్చిందని తప్పుపట్టింది.

ఈ కేసులో అందరూ చూసేది దొంగ లెక్కలు. అంతకంటే లోతైన లోపం ఒకటి ఉంది. పలు కేంద్రాలు నడిపే స్పాన్సర్ తన పాలనా ఖర్చుల కింద, కేంద్రాలకు వచ్చే డబ్బులో 15 శాతం వరకు ఉంచుకోవచ్చు. కేంద్రాల క్లెయిములు సరైనవో కావో చూడాల్సింది స్పాన్సర్. క్లెయిములు పెరిగితే కమీషన్ పెరిగేదీ స్పాన్సర్‌కే. కాపలాదారుడి జీతం, దాటిపోయే మూటల లెక్క మీద ఆధారపడినట్టు ఉందీ ఏర్పాటు. నిజాయతీపరుడి చేతిలో ఇది ప్రమాదం కాదు, మిగిలినవాళ్ల చేతిలో ప్రమాదమే. మామూలు రోజుల్లో ఈ లోపాన్ని మనుషులు వెళ్లి చూసే తనిఖీ కప్పి ఉంచింది. కరోనా ఆ తనిఖీని తీసేయడంతో లోపం బయటపడింది. సంస్థ పన్ను హోదా, దరఖాస్తు పత్రాలు ఎలా ఉన్నాయన్నది ఇక్కడ పెద్దగా ఉపయోగపడలేదు. 5,000 మంది పిల్లలు తింటున్నారన్న చోట ఒక మధ్యాహ్నం పూట ఎవరైనా వెళ్లి నిలబడి ఉంటే సరిపోయేది.

ఈ కుంభకోణం తర్వాత 1981లో లాగా స్వచ్ఛంద సంస్థల్ని గంపగుత్తగా బయటికి నెట్టలేదు. అది మంచి నిర్ణయం. పైగా 2022 డిసెంబరులో వచ్చిన చట్టం గ్రామీణ ప్రాంతాల్లో, గుమికూడి తినే ఏర్పాటు లేని చోట, భోజనం ఇంటికి తీసుకెళ్లడానికి శాశ్వతంగా అనుమతించింది. 2024 వేసవి నుంచి, పథకంలో చేరిన రాష్ట్రాల్లో అర్హులైన ఒక్కో పిల్లకు సరుకుల కోసం 120 డాలర్ల కార్డు కూడా వస్తోంది. కార్డుకు స్పాన్సర్ అవసరం లేదు. అయినా కార్డులోని డబ్బు వేసవి అంతటికీ చాలదు, వంట చేసిపెట్టే పెద్దలు పగటిపూట ఇంట్లో ఉండని పిల్లలకు వేడి భోజనం పెట్టే కేంద్రం అవసరం తీరదు.

తప్పు చేసిన స్పాన్సర్‌ను పంపించే విధానం కూడా నిబంధనల్లోనే ఉంది. దరఖాస్తులో అబద్ధం చెప్పడం, భోజనాల లెక్క సరిగా రాయకపోవడం, అదనంగా తీసుకున్న ముందస్తు సొమ్ము తిరిగి ఇవ్వకపోవడం వంటివి ‘తీవ్ర లోపం’ కిందికి వస్తాయి. ముందు నోటీసు ఇచ్చి, సరిదిద్దుకునే గడువు ఇస్తారు. సరిదిద్దుకోకపోతే ఒప్పందం రద్దు చేస్తారు, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. శిశు సంరక్షణ పథకంలో అయితే రద్దయిన సంస్థ పేరు జాతీయ అనర్హుల జాబితాకు ఎక్కుతుంది. సంస్థ పేరుతో పాటు దాని బాధ్యుల పేర్లు, పుట్టిన తేదీలు కూడా చేరుస్తారు. దాంతో అదే మనిషి మరో రాష్ట్రంలో మరో పేరుతో సంస్థ పెట్టి రావడం కుదరదు. లోపాలు సరిదిద్దినట్టు ప్రభుత్వం ఒప్పుకునే వరకు లేదా ఏడేళ్లు గడిచే వరకు పేరు ఆ జాబితాలో ఉంటుంది. ప్రభుత్వానికి సొమ్ము బాకీ ఉంటే ఏడేళ్లు దాటినా తీసేయరు, బాకీ తీర్చాకే తీస్తారు.